ఉపదేశికి కుర్చీ ఎక్కడ?

మొన్న ఏప్రిల్లో మా ఊళ్ళో పెద్ద పండగ జరిగింది. ఊరి కుర్రాడొకడు గురుపట్టం (కథోలిక ఫాదరుగా అభిషేకం) అందుకుని వచ్చి, సొంతూళ్ళో మొదటి దివ్యబలిపూజ చేశాడు. మాది కందుకూరు పక్కన చిన్న పల్లె. రోడ్డు మలుపు నుంచి గుడి దాకా ఫ్లెక్సీలే. పూజ తొమ్మిదిన్నరకల్లా అయిపోయింది, అభినందన సభ మాత్రం పన్నెండున్నర దాకా సాగింది. మేత్రాసనం (బిషప్పు గారి పరిధి) నుంచి వచ్చిన పెద్ద ఫాదర్ గారికి, ఫాదర్లను తయారుచేసే సెమినరీ ప్రొఫెసరు గారికి, కాన్వెంటు సిస్టర్లకు, సర్పంచికి, షామియానా ఉచితంగా వేసినాయనకు కూడా శాలువాలు, పేరుపేరునా కృతజ్ఞతలు.

ఎండకు తాళలేక వంటల వైపు వెళ్తే మా ఊరి ఉపదేశి, అంటే ఫాదర్ కాకపోయినా ఊళ్ళో జపాలు, మతబోధ నేర్పే మనిషి, కనిపించాడు. డెబ్భై దాటిన మనిషి. నడుముకు తువ్వాలు బిగించి, సాంబారు బకెట్టు పట్టుకుని బంతుల మధ్య తిరుగుతున్నాడు. ఇవాళ పీఠం దగ్గర నిలబడ్డ కుర్రాడికి అక్షరాలు రాకముందే పరలోక జపం, మంగళవార్త జపం కంఠతా పట్టించింది ఈయనే. "స్టేజీ మీదికి రాలేదేం పెదనాన్నా?" అన్నాను. "ఇక్కడ మనిషి తక్కువయ్యాడయ్యా" అన్నాడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే వడ్డనకు మనిషి తక్కువయ్యాడు.

ఇంటికొచ్చాక కూడా ఆ బకెట్టే కళ్ళముందు ఆడుతోంది. ఆసియాలో మిషనరీ గురువుల్ని తయారుచేసే చదువు గురించి నేను చాలా ఏళ్ళుగా అడపాదడపా చదువుతున్నాను. భక్తి కంటే కుతూహలం ఎక్కువ నాకు. లాటిన్ పోయి ఇంగ్లీషు వచ్చింది, తెల్ల ప్రొఫెసర్లు పోయి మనవాళ్ళు వచ్చారు, తత్వశాస్త్రం పక్కన మనస్తత్వశాస్త్రం చేరింది. నాలుగొందల ఏళ్ళకు పైగా ఇన్ని మారినా, ఒక మనిషికి మాత్రం ఆ బడిలో కుర్చీ వెయ్యలేదని నా అభియోగం. ఆ మనిషి గురువు కాడు, గురువుకు నేర్పగలవాడు. మన దగ్గర ఆయన్ని ఉపదేశి అంటాం. మిషనరీ శిక్షణలో ఉపదేశి సహాయకుడుగా కాదు, పరీక్ష పెట్టేవాడిగా కూర్చోవాలంటాను. ఇది అన్నంత తేలిక కాదని నాకూ తెలుసు. ఆ చిక్కుల దగ్గరికీ వస్తాను.

తాటిచెట్టు కింద పాఠం

మా తాత కూడా ఉపదేశే. నెల్లూరు మేత్రాసనంలో అప్పటికింకా మిల్‌హిల్ సభ ఫాదర్లు ఉండేవారు. లండన్ శివార్లలోని మిల్‌హిల్‌లో చదువుకుని, 1875 నుంచి మన తెలుగు నేల మీదికి వస్తూ ఉన్నవాళ్ళు. మా తాత రోజుల్లో వచ్చినాయన హాలెండు మనిషి. గుర్రం దిగగానే తెలుగులో ప్రసంగం చెయ్యాలని ఉబలాటం. ఒక ఆదివారం "సోదరులారా, మీ కళ్ళు తెరవండి" అనబోయి "మీ కల్లు తెరవండి" అన్నాడు. మగవాళ్ళు తల దించుకుని నవ్వారు, ఆడవాళ్ళు దించకుండానే నవ్వారు. ఫాదర్ గారికి ఎందుకు నవ్వారో తెలియలేదు.

తాత అందరి ముందూ సరిదిద్దలేదు. సాయంత్రం షికారు పేరుతో ఊరిబయట తాటితోపుకు తీసుకెళ్ళి, గీత గీస్తున్న ఆయన్ని కేకేసి, ముంత దింపించి, వేలితో చూపించి "కల్లు" అన్నాడట. తర్వాత అదే వేలు తన కంటిమీద పెట్టుకుని "కళ్ళు". నాలుక ఎక్కడ మడత పడుతుందో నోరు తెరిచి చూపించాడట. ఫాదర్ గారు చీకటి పడేదాకా ముంతకూ కంటికీ మధ్య వేలు తిప్పుతూనే ఉన్నాడు. మా నాయనమ్మ ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ ముంతలో కల్లు చివరికి ఎవరు తాగారన్నది మారిపోయేది.

తాత నేర్పింది ఉచ్చారణ ఒకటే కాదు. ఏ ఇంటికి ముందు వెళ్తే ఏ ఇంటివాళ్ళు ముఖం తిప్పుకుంటారో, చావింట్లో ఎంతసేపు మాట్లాడకుండా కూర్చోవాలో, పొగాకు నాట్ల రోజుల్లో పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) ఎవరూ ఎందుకు రారో, ఇవన్నీ నడకలోనే చెప్పేవాడు. ఆ ఫాదర్ గారు లండన్‌లో నాలుగేళ్ళు వేదాంతం చదివాడు. మా ఊరి గురువుగా తయారైంది మాత్రం మా తాత వెనక నడిచిన రెండేళ్ళలో. తాతకు ముట్టింది నెలకు కొంత జీతం, క్రిస్మసుకు ఒక పంచె.

ముందు మనిషి, తర్వాత బడి

ఇది మా ఊరి ముచ్చటే అయితే ఇంత రాయక్కర్లేదు. 1624లో ఇప్పటి వియత్నాం తీరానికి చేరిన జెసూట్ (యేసు సభ) గురువు అలెగ్జాండర్ ద రోడ్స్ తన రాతల్లో ఒక సంగతి చెప్పాడు. అక్కడి భాషలో ఒకే అక్షరాన్ని వేర్వేరు స్వరాల్లో పలికితే వేర్వేరు అర్థాలు. ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే పిట్టల కిచకిచలా ఉందట, ఇది నావల్ల కాదనుకున్నాడట. ఒక చిన్న పిల్లవాడు మూడు వారాల్లో ఆ స్వరాలన్నీ పట్టించాడు. ఇద్దరికీ ఒకరి భాష ఇంకొకరికి రాదు. 1651లో రోములో ఆ రోడ్స్ పేరుతోనే వియత్నాం, పోర్చుగీసు, లాటిన్ నిఘంటువు అచ్చయింది. ఆ పిల్లవాడు తర్వాత ఆయన ఇంటిపేరు పెట్టుకుని రాఫెల్ ద రోడ్స్ అయ్యాడు. గురువు పేరు శిష్యుడు పెట్టుకోవడం లోకంలో ఉన్నదే. ఇక్కడ ఎవరు గురువో ఎవరు శిష్యుడో మీరే తేల్చుకోండి.

1630లో రోడ్స్‌ను ఉత్తర వియత్నాం నుంచి వెళ్ళగొట్టారు. ఆయన తయారుచేసిన ఉపదేశులే అక్కడి సంఘాన్ని నిలబెట్టారు, కొత్తవాళ్ళకు జ్ఞానస్నానాలు ఇచ్చారు. కొరియా కథ ఇంకా విచిత్రం. అక్కడ ముందు విశ్వాసులు పుట్టారు, పదేళ్ళకు గానీ ఫాదర్ రాలేదు. 1784లో యీ సుంగ్‌హూన్ అనే పండితుడు బీజింగ్ వెళ్ళి జ్ఞానస్నానం పొంది వచ్చి తనవాళ్ళకు తనే ఇచ్చాడు. 1794 చివర్లో చైనా గురువు ఝౌ వెన్‌మో దొంగదారిన వచ్చినప్పుడు ఆయన్ని ఇంట్లో దాచి, ఎవరిని ఎప్పుడు కలవాలో చూసుకుంది కాంగ్ వాన్‌సుక్ అనే ఆవిడ. ఆడమనిషి ఇల్లు కాబట్టి భటులు లోపలికి రారని ఆవిడ ధీమా. 1801లో ఇద్దర్నీ చంపేశారు. కాంగ్ వాన్‌సుక్ ఆ గురువుకు ఏమేం నేర్పిందో ఏ పాఠ్యప్రణాళికలోనూ ఉండదు. ఆరేళ్ళు ప్రాణంతో ఉండటమెలాగో నేర్పింది, అది చిన్న చదువా?

రోము వాళ్ళకు ఈ సంగతి తెలియదనుకోకండి. 1659లో ఆసియాకు బయల్దేరుతున్న ఫ్రెంచి మేత్రాణులకు (బిషప్పులకు) అక్కడి మతప్రచార పరిషత్తు రాసిన సూచనల్లో, ఫ్రాన్సునో స్పెయిన్‌నో ఇటలీనో మోసుకెళ్ళి చైనాలో దింపాలనుకోవడం కన్నా అసంబద్ధం ఏముందని నిలదీశారు. ప్రజల ఆచారాలు మార్చమని అడగొద్దన్నారు. స్థానిక గురువుల్ని తయారుచెయ్యమన్నారు. లాటిన్ పూర్తిగా అర్థం కాకపోయినా చదవగలిగితే చాలని సడలింపు కూడా ఇచ్చారు. 1668లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజధాని ఆయుత్తయలో మొదటి వియత్నాం గురువులకు పట్టం ఇచ్చినప్పుడు వాళ్ళలో ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగిన ఉపదేశులున్నారు. కొందరు నడివయసు దాటినవాళ్ళు. నాకైతే ఆసియా గురుశిక్షణ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన క్షణం అదే. చాలా కొద్దికాలమే నిలిచింది.

బడి దూరమైన కొద్దీ

ఎందుకంటే అదే ఊళ్ళో 1665లోనే ఒక బడి మొదలైంది. పిల్లల్ని చిన్నప్పుడే తెచ్చి, లాటిన్‌లో పెంచి, పూర్తి గురువులుగా పంపే బడి. తర్వాత దాన్నే కాలేజ్ జనరల్ అన్నారు. దాని ప్రయాణం చదివితే జాలేస్తుంది. బర్మా సేనలు ఆయుత్తయను 1767లో నేలమట్టం చేశాయి. ఆ దండయాత్రల్లో బడి కంబోడియా తీరం వైపు పారిపోయింది. అక్కడా నిలవనివ్వలేదు. 1770లో పుదుచ్చేరి పక్కన వీరాంపట్నం చేరింది. తవ్వకాల్లో రోమన్ కుండపెంకులు దొరికిన అరికమేడు ఆ పక్కనే. చైనా, వియత్నాం, సయాం పిల్లలు మన కోరమండల్ తీరాన లాటిన్ వల్లెవేశారన్నమాట. కొన్నాళ్ళకు అదీ మూతపడి, 1808లో ఇప్పటి మలేషియాలోని పెనాంగులో మళ్ళీ తెరుచుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ పిల్లల ధైర్యానికి చెయ్యెత్తి మొక్కాలి. పట్టం పుచ్చుకుని వెనక్కి వెళ్ళి తల తెగి చనిపోయినవాళ్ళున్నారు. కానీ పదేళ్ళు లాటిన్‌లో కలలు కన్నవాడు వాళ్ళమ్మ దగ్గరికి తిరిగొచ్చినప్పుడు ఆమెతో ఏం మాట్లాడి ఉంటాడా అని ఆలోచిస్తాను.

మన వైపూ అంతే. 1893లో పోపు పదమూడవ లియో భారతదేశానికి స్థానిక గురువులు కావాలని లేఖ రాసి సెమినరీ పెట్టించారు. "భారతమా, నీ కొడుకులే నీకు రక్షణ మోసుకొస్తారు" అన్న అర్థం వచ్చే లాటిన్ వాక్యం దాని నినాదం. ఆ సెమినరీ కట్టింది మాత్రం సింహళంలో, కాండీ కొండల మీద. 1955లో గానీ పూణేకు రాలేదు. కొడుకుల్ని తయారుచెయ్యడానికి సముద్రం దాటించాలా? పల్లెకు దూరంగా, చల్లగా, గోడల మధ్య పెడితేనే పిలుపు నిలుస్తుందన్న ఆలోచన ట్రెంట్ మహాసభ (ఐరోపాలో జరిగిన మేత్రాణుల సభ) 1563లో సెమినరీలు పెట్టమన్నప్పటి నుంచీ ఉన్నదే. కానీ ఐరోపాలో సెమినరీ గోడ దాటితే అదే భాష, అదే సంత. మన దగ్గర గోడ దాటితే వేరే లోకం.

1919లో పోపు పదిహేనవ బెనెడిక్ట్ రాసిన లేఖ దగ్గర నాకు కొంచెం ఇబ్బంది ఉంది. అది గొప్ప లేఖే. స్థానిక గురువుల్ని తెల్లవాళ్ళ చేతికింద పనివాళ్ళుగా తయారుచెయ్యకండని గట్టిగా చెప్పింది. ఆ దారిలోనే 1940లో గుంటూరుకు తెలుగువాడైన పోతకమూరి తోమాసు మేత్రాణులు కాగలిగారు. మిషనరీకి ప్రజల భాష బాగా రావాలని కూడా చెప్పింది. అయితే ఎందుకు రావాలంటే, బోధనంతా ఉపదేశుల మీద వదిలెయ్యకుండా తనే చెయ్యడానికి! చదివినప్పుడు మా తాత గుర్తొచ్చాడు. భాష నేర్పే మనిషిని పక్కకు జరపడానికే భాష నేర్చుకోమన్నట్టు ఉంది. అంత కఠినంగా చదవక్కర్లేదని, ఫాదర్లు బద్ధకించకూడదన్నదే దాని ఉద్దేశమని మా విచారణ (పారిష్) ఫాదర్ గారు నాతో వాదించారు. కావచ్చు. నా చదువులో కొంచెం కడుపుమంట కలిసి ఉండొచ్చు.

నాకే నమ్మకం చాలని చోట్లు

ఈ వాదనకు ఎదురు నిలిచే మొదటి మనిషి అంజిరో. 1549లో జెసూట్ గురువు ఫ్రాన్సిస్ జేవియర్ జపాన్‌లో దిగింది ఈ జపాన్ మనిషిని నమ్ముకునే. దేవుడికి అక్కడి మాట ఏమిటంటే అంజిరో "దైనిచి" అన్నాడు. అది బౌద్ధంలో మహా వైరోచన బుద్ధుడి పేరు. జేవియర్ వీధుల్లో నిలబడి దైనిచిని కొలవండని చాటాడు. బౌద్ధ భిక్షువులు సంతోషించారు, మనవాడే అనుకున్నారు. సంగతి తెలిశాక దైనిచిని కొలవొద్దని మళ్ళీ చాటాల్సి వచ్చింది. అంజిరో మోసగాడు కాడు. తనకు తెలిసిందే చెప్పాడు. ఒక్క మనిషికి ఎంత తెలుస్తుంది?

రెండోది ఇంతకన్నా పెద్దది, ఇంటి దగ్గరిది. ఉపదేశికి కుర్చీ వెయ్యండి అంటున్నాను. ఏ పేట ఉపదేశికి? మధురైలో జెసూట్ గురువు రాబర్ట్ ద నోబిలికి సంస్కృతం నేర్పింది శివధర్మ అనే బ్రాహ్మణుడు. ఆయన కళ్ళతో లోకాన్ని చూసిన నోబిలి, పై కులాల ఆచారాన్ని సంస్కృతి అనుకున్నాడు, మిగతావాళ్ళకు దూరంగా మసలాడు. తెలుగు కథోలికుల్లో దళితులే ఎక్కువ. అయినా ఏ గుడిలో ఎవరు ముందు కూర్చుంటారో, ఎవరి శవం ఏ వైపు సమాధుల దొడ్డికి వెళ్తుందో మనకు తెలియంది కాదు. మా తాత హాలెండు ఫాదర్ గారికి ఏ ఇంటికి ముందు వెళ్ళాలో నేర్పాడన్నానే, అందులో కులం లేదని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పలేను.

ఇక్కడే దూరపు సెమినరీ తరఫున ఒక మాట ఒప్పుకోవాలి. పల్లెలో పేరుపెట్టి పిలిపించుకోలేని ఇంటి కుర్రాణ్ణి పన్నెండేళ్ళు దూరంగా ఉంచి, తిరిగొచ్చాక ఊరంతా లేచి నిలబడేలా చేసింది ఆ గోడలే. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినల్ అయ్యారు. దళితుల్లో మొదటి కార్డినల్, తెలుగువాళ్ళలోనూ మొదటివారు. అటువంటి నిచ్చెన ఊరి రచ్చబండ దగ్గర దొరికేదా? ఈ ప్రశ్న దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. గోడలు కూల్చమనడం లేదు నేను. గోడ లోపల పరీక్షలు దిద్దేవాళ్ళలో గోడ బయటి మనిషి ఒకరుండాలి, ఒకే పేట నుంచి కాకుండా, ఆడవాళ్ళు కూడా ఉండేలా చూడాలి అంటున్నాను. అంజిరో సమస్యకూ జవాబు అదే అనుకుంటాను, నలుగురిని అడగటం.

నియమాల్లో దీనికి అడ్డేమీ లేదు. 2016లో వచ్చిన గురుశిక్షణ నియమావళి శిక్షణలో స్త్రీల పాత్ర మంచిదని చెబుతోంది. 2021 మేలో పోపు ఫ్రాన్సిస్ ఉపదేశి పనిని అధికారికమైన పరిచర్యగా ప్రకటించారు. అన్నిటికన్నా మించి, గురుపట్టాభిషేకంలోనే ఉంది. ఇతను యోగ్యుడేనా అని మేత్రాణులు అడుగుతారు. "క్రైస్తవ ప్రజల్ని విచారించి, బాధ్యుల సిఫారసు మీదట, యోగ్యుడని చెబుతున్నాను" అన్న అర్థంలో జవాబు వస్తుంది. ప్రజల్ని విచారించి! పండగ సాయంత్రం సాంబారు బకెట్టు పెదనాన్నను అడిగాను, ఈ కుర్రాడి గురించి మిమ్మల్నెవరైనా విచారించారా అని. "అభ్యంతరముంటే చెప్పమని గుడి తలుపుకు కాయితం అంటించారుగా" అన్నాడు.

మీరు, నువ్వు

మా అక్క కొడుకు కూడా ఫాదరే. ఐదేళ్ళుగా జర్మనీలో, బవేరియాలో పల్లెటూరి విచారణల్లో ఉంటున్నాడు. ఒకప్పుడు మనకు ఫాదర్లను పంపిన దేశాలకు ఇప్పుడు మనం పంపుతున్నాం. 1984లో ఏలూరు మేత్రాసనంలో పుట్టిన హెరాల్డ్స్ ఆఫ్ గుడ్ న్యూస్ సభ గురువులే ఎన్ని ఖండాల్లో ఉన్నారో! కాబట్టి మిషనరీ శిక్షణ అంటే ఇప్పుడు తెల్లవాడు తెలుగు నేర్చుకునే కథ కాదు. మనవాడు జర్మన్ నేర్చుకునే కథ.

అతను పండక్కి సెలవు మీద వచ్చాడు. పట్టం అయిన రోజు నుంచీ మా అక్క కొడుకును "మీరు" అనే పిలుస్తుంది. నేను "ఒరేయ్" అనబోయి సగంలో మింగి "ఫాదర్ గారూ" అంటాను. అతనికీ నవ్వే, నాకూ నవ్వే. మిద్దె మీద కూర్చుని అడిగాను, అక్కడికి పోయేముందు మీకేం నేర్పారని. ఆరు నెలల భాషాక్లాసు, ఒక సర్టిఫికెట్టు. పలకరింపుకు క్లాసులో "గూటెన్ టాగ్" నేర్పారు, ఊళ్ళో అందరూ "గ్ర్యూస్ గాట్" అంటారు. మొదటి రోజే తేడా వచ్చిందన్నాడు.

"మరి నేర్పిందెవరు?"

విచారణ ఆఫీసులో రిజిస్టర్లు చూసుకునే ఆవిడట. అరవై దాటిన వితంతువు. ప్రతి శుక్రవారం ఇతను ప్రసంగం రాసి ఇస్తాడు. ఆవిడ పెన్సిలుతో గీతలు కొట్టి శనివారం పొద్దున్నే తిరిగిస్తుంది. వ్యాకరణం తప్పులకు సన్నటి గీత. మనుషుల్ని నొప్పించే మాటలకు లావు గీత. మొదటి ఏడాది లావు గీతలే ఎక్కువ అన్నాడు. ఒకసారి ఎవరో చనిపోతే ఇతను పూజ చేసి, సమాధి దగ్గర ప్రార్థన చేసి ఇంటికొచ్చేశాడు. గంట తర్వాత ఆవిడ తలుపు కొట్టింది. ఖననం తర్వాత హోటల్లో అందరూ కూర్చుని కాఫీ, కేకు తీసుకుంటారు, చనిపోయినవాడి ముచ్చట్లు చెప్పుకుని నవ్వుతారు కూడా. అక్కడ ఫాదర్ లేకపోతే పూజ సగమే అయినట్టు. కోటు తొడిగించి తీసుకెళ్ళిందట.

"మిమ్మల్ని పంపించిన వాళ్ళకు మీ పని ఎలా ఉందో ఆవిడ చెబుతుందా?" అన్నాను.

"ఆవిడనెవరడుగుతారు మామయ్యా? రిపోర్టు పెద్ద ఫాదర్ గారు రాస్తారు."

"ఆవిడ రాస్తే?"

కాసేపు ఆలోచించాడు. "మొదటి ఏడాది నన్ను ఫెయిల్ చేసేది" అన్నాడు. ఇంకొంచెం ఆగి, "మంచిదే అయ్యుండేది" అన్నాడు.

మా అక్క కాఫీ గ్లాసులు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. తల్లి చేతిలో గ్లాసు అందుకుంటూ చెప్పాడు, జర్మన్‌లో కూడా మీరు, నువ్వు ఉన్నాయని. అక్కడ ఎవరూ తొందరపడి నువ్వనరు, పెద్దవాళ్ళు ముందు అనాలి. మూడేళ్ళు మీరు మీరంటూ పెన్సిలు గీతలు కొట్టినావిడ పోయిన ఈస్టరుకు ప్రసంగం కాయితం తిరిగిచ్చింది. ఒక్క లావు గీత లేదు. కింద మూలన మాత్రం, ఇకనుంచి నన్ను నువ్వనొచ్చు, నేనూ నిన్ను నువ్వంటాను అని రాసిందట.

అక్క గ్లాసు అక్కడే పెట్టేసింది. "అదేంది, ఫాదర్ గారిని నువ్వంటదా?"